ఆకు వేశాక

రాజమండ్రిలో గోదావరి గట్టు దిగగానే రేవువీధి. ఆ వీధి మధ్యలో పచ్చతలుపుల ఇల్లొకటి ఉంది. చీకటిపడ్డాక ఆ ఇంటి ముందు నిలబడకూడదంటారు.

నిలబడితే లోపల్నుంచి ఆడగొంతు వినిపిస్తుందట — "భోంచేసి వెళ్ళు నాయనా..." అని. ఆ పిలుపుకి లోపలికి వెళ్ళినవాడు తెల్లారేసరికి నోట నురగలు కక్కుకుని రేవు మెట్ల మీద దొరుకుతాడట. ఒకప్పుడు అక్కడ మెస్సు నడిపిన శ్యామలాంబ అనే ఆవిడ అన్నంలో విషం కలిపి ఒక కుర్రాణ్ణి చంపేసిందట. చచ్చినా ఆ పాడుబుద్ధి పోక, ఇప్పటికీ గరిటె పట్టుకుని తిరుగుతోందట.

అట, అట, అట. ఈ అటలన్నీ ఎక్కడ పుట్టాయో నాకు తెలుసు. ఆ పక్కనే ఉన్న జీవరాజు పాతసామాన్ల కొట్లో పుట్టాయి. మొన్న మొన్నటిదాకా ఆ వీధిలో పుట్టి పెరిగినవాళ్ళెవరూ ఈ కథ విననైనా వినలేదు.

నాకు దెయ్యాలంటే భయం లేదు. వాటి మీద కోపం అంతకన్నా లేదు. దెయ్యాలకి టికెట్టు పెట్టి అమ్ముకునే మనుషులంటేనే ఒళ్ళు మంట. అయినా ఈ కథ చెబుతున్నాను. ఎందుకంటే ఆ ఇంట్లో ఒక శనివారం రాత్రి నిజంగానే ఏదో జరిగింది.

నేను చూడలేదు. హైమ చెప్పగా విన్నాను.

హైమా నేనూ నరసాపురంలో ఒకే హైస్కూల్లో పనిచేస్తాం. ఆవిడ లెక్కలు చెబుతుంది, నేను సోషలు. పదో తరగతి పేపర్లు దిద్దడానికి రాజమండ్రి వెళ్ళి, తిరిగొస్తూ రైల్లో చెప్పింది. ఒక మాట ముందే అనేస్తాను — హైమకి కథలు అల్లడం చేతకాదు. పెళ్ళి ఎలా జరిగిందండీ అని అడిగితే "పప్పులో ఉప్పు తక్కువయింది" అని ఊరుకునే మనిషి. ఆవిడ ఒక విషయం చెప్పిందంటే, దానికి తలా తోకా తగిలించకుండా చెబుతుంది.

పేపర్లు దిద్దడం శనివారం మధ్యాహ్నానికే అయిపోయింది. రైలు మర్నాడు పొద్దున. మాతో వచ్చిన ఇంగ్లీషు టీచరు శ్రీసుధ, కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల, రేవువీధిలో రాత్రి బజారు చూసి తీరాలని పట్టుపట్టింది. నాకు తలనొప్పిగా ఉండి లాడ్జిలోనే పడుకున్నాను. హైమకీ వెళ్ళాలని లేదు. కానీ పిల్లని ఒక్కదాన్నీ పంపడం ఇష్టంలేక బయల్దేరింది.

రేవువీధి పాత వీధి. లాంచీలు తిరిగిన కాలంలో సరుకంతా అక్కడే దిగేది. లాంచీలు పోయాయి, గోడౌన్లు మిగిలాయి. వాటిల్లో ఇప్పుడు పాతసామాన్ల కొట్లు. కోనసీమలో పాత మండువా ఇల్లు పడగొట్టినప్పుడల్లా దాని ఎముకలు అక్కడికే చేరతాయి. స్తంభాలు, చెక్కిన తలుపులు, భోషాణాలు, ఊయలబల్లలు, ఆవకాయ జాడీలు అన్నీ అక్కడ దొరుకుతాయి. మన అమ్మమ్మలు అటకమీద పారేసిన ఇత్తడి చెంబుకి అక్కడ పట్టుచీర ధర పలుకుతుంది. కొనేవాళ్ళకి సిగ్గు లేదు, అమ్మేవాళ్ళకి అంతకన్నా లేదు.

శనివారమైతే వీధి పొడుగునా బల్బులు వేలాడతాయి. బజ్జీల బండి, పుల్లట్ల పెనం, రోజ్ మిల్కు, పూతరేకులు, మామిడితాండ్ర అన్నీ వరసగా ఉంటాయి. శ్రీసుధ చెక్క కుంకుమభరిణె ఒకటి బేరమాడి కొనుక్కుంది. మిరపకాయ బజ్జీ తిని, నోరు మండి, నిమ్మసోడా తాగింది. హైమ కూడా ఒక సోడా పుచ్చుకుని రెండు గుక్కలు తాగింది.

అప్పుడే పచ్చతలుపుల ఇల్లు వచ్చింది.

గుమ్మం మీద ఎర్రదీపాల బోర్డు — "శ్యామలాంబ విషం మెస్సు. గుండె ధైర్యం ఉంటే భోజనానికి రండి." కింద నిలువెత్తు బొమ్మ. తెల్లచీర, విరబోసిన జుట్టు, వేలాడే నాలుక, చేతిలో గరిటె. కుర్రాళ్ళు ఆ బొమ్మ మెడ మీద చెయ్యేసి ఫోటోలు తీసుకుంటున్నారు.

హైమ చేతిలో సోడా అలాగే ఆగిపోయింది.

"ఏమైందండీ?" అంది శ్రీసుధ.

"అది మా పెద్దమ్మ," అంది హైమ.

శ్యామలాంబ హైమ వాళ్ళమ్మకి స్వయానా అక్క. మొగుడు లాంచీ కంపెనీలో గుమాస్తాగా చేస్తూ చిన్న వయసులోనే పోతే, అత్తింటివాళ్ళు అన్నం వండే గుండిగా రెండు గిన్నెలూ ఇచ్చి చేతులు దులుపుకున్నారు. ఆ గుండిగతోనే ఆవిడ ఈ ఇల్లు అద్దెకి తీసుకుని మెస్సు పెట్టింది. కాలేజీ కుర్రాళ్ళు, కోర్టు గుమాస్తాలు, పేషెంట్ల వెంట పెద్దాసుపత్రికి వచ్చిన పల్లెటూరివాళ్ళు — అందరూ అక్కడే తినేవారు. హైమ కూడా డిగ్రీ చదివినన్నాళ్ళూ ఆ ఇంట్లోనే ఉండి చదువుకుంది.

నోరు మాత్రం మహా చెడ్డది ఆవిడకి. "మింగండర్రా, చల్లారిపోతోంది" అని అరిచేది. తెల్లచీర ఏనాడూ కట్టలేదు. ఉప్పాడ నేతచీర, చెంగు బొడ్లో దోపి, ముడి బిగించి. జుట్టు విరబోసుకుంటే అన్నంలో వెంట్రుక పడుతుందని ముడి విప్పేది కాదట.

కుర్రాడు పోయిన మాట నిజం. ఐటీఐ చదివేవాడు, ఉప్పాడ పిల్లాడు. కామెర్లు ముదిరి పోయాడు. ఆవిడే రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్ళింది, ఆవిడే దగ్గర కూర్చుంది. ఆ తర్వాత ప్రతి ఏడూ వాడి తిథినాడు వాళ్ళ నాన్న ఉప్పాడ నుంచి బస్సెక్కి వచ్చి, ఆవిడ చేతి అన్నం తిని వెళ్ళేవాడు. కన్నతండ్రికి లేని అనుమానం జీవరాజుకి వచ్చింది.

హైమ సోడా సీసా బండిమీద పెట్టేసి, తిన్నగా కొట్లోకి వెళ్ళింది. జీవరాజు కౌంటరు వెనక కూర్చుని ఇత్తడి దీపపుసెమ్మె తుడుస్తున్నాడు. నున్నగా దువ్విన తల, మెళ్ళో రుద్రాక్ష. ఆ ఇల్లు కూడా సామాన్లకని అద్దెకి తీసుకున్నవాడు ఇతనే.

"ఆ బోర్డు తీసెయ్యండి," అంది హైమ. "శ్యామలాంబ మా పెద్దమ్మ."

అతను కంగారు పడతాడనుకుంది. పడలేదు. లేచి నమస్కారం పెట్టాడు.

"అలాగాండి. మాట చూస్తే టీచరుగారిలా ఉన్నారు, కూర్చోండి. రోజ్ మిల్కు తెప్పించమంటారా?"

"బోర్డు తీసెయ్యమంటున్నాను."

"కథేగానండి... ఎందుకండీ అంత ఇదవుతారు?"

"కథైతే వేరే పేరు పెట్టుకోండి."

"పేరుంటేనేగానండి జనం నమ్మేది. ఊరికే దెయ్యం అంటే ఎవరొస్తారండి? ఇల్లుండాలి, పేరుండాలి."

"మా పెద్దమ్మ ఎవరికీ విషం పెట్టలేదు."

"ఆయ్, నాకు తెలుసండి," అన్నాడు జీవరాజు, సెమ్మె తుడుస్తూనే. "మా నాన్న కూడా ఆ చేతి భోజనం తిన్నవాడేనండి. దేవత అనేవాడు. కానీ దేవత అంటే టికెట్టు తెగదు కదండి... పోయినావిడేగానండి. ఇప్పుడావిడకి కొత్తగా నష్టమేంటండి?"

తెలియక అన్నవాణ్ణి క్షమించొచ్చు. అన్నీ తెలిసి, నవ్వుతూ, మర్యాదగా అండీ అండీ అంటూ చచ్చినదాని మీద బురద జల్లేవాణ్ణి ఏం చెయ్యాలి? నేనైతే ఆ సెమ్మె తీసుకుని నెత్తిన మొత్తేవాణ్ణి.

హైమ అలాంటి పనేం చెయ్యలేదు. "ఇప్పుడు ఆట ఉందా?" అని అడిగింది.

"ఉందండి. మీకు టికెట్టు వద్దండి, మీరు మావాళ్ళే. చూసి వెళ్ళండి. బాగా చేశామండి."

చూద్దామని కాదు ఆవిడ లోపలికి వెళ్ళింది. మధ్యలో లేచి, పదిమంది ముందూ నిజం చెప్పేసి, ఆ ఆటని అక్కడికక్కడే ఆపించెయ్యాలని వెళ్ళింది.

లోపల పొడుగాటి హాలు. అదే ఎర్రగచ్చు. ఒక మూల లాంతరు తప్ప వెలుగు లేదు. గోడవారగా వరసలో కూర్చోబెట్టారు. నిడదవోలు నుంచి వచ్చిన కొత్త జంట, కాలేజీ కుర్రాళ్ళు కొందరు, ఉదయ్‌భాస్కర్ అని వీడియోలు తీసుకునే అబ్బాయి ఒకడు, చివర శ్రీసుధ, హైమ. అందరి ముందూ అరిటాకులు.

ఇక్కడే జీవరాజు పొరపాటు చేశాడు.

అంతకుముందు వారం దాకా కాగితం ప్లేట్లు వేసేవాడట. వీడియోలో పాతకాలంలా కనబడ్డం లేదని ఎవరో అంటే, ఆ రోజు ఆకులు తెప్పించాడు. కొస ఎడమవైపుకి వచ్చేలా, కడిగి, పద్ధతిగా వేయించాడు. పైన నీళ్ళు కూడా చల్లించాడు. అంతా చేసి... అన్నం మాత్రం లేదు. ఆ ఇంట్లో పొయ్యే లేదు.

మా వైపు ఆకు వేసి, నీళ్ళు చల్లి, కూర్చున్న మనిషిని ఉత్త కడుపుతో లేపరు. పగవాడైనా సరే. ఆకు వేశాక ఇల్లు తగలబడుతున్నా ఒక్క మెతుకైనా వడ్డించాకే బయటికి పరిగెడతారు. జీవరాజుకిది తెలియక కాదు, ఆటేగదా అనుకున్నాడు.

అతను కూడా వరస మొదట్లో ఒక ఆకు ముందు కూర్చున్నాడు. కథ చెప్పేది అతనే. గొంతు తగ్గించి మొదలెట్టాడు.

"ఇదే హాలండి... ఆ కుర్రాడు కూర్చున్నది ఇక్కడేనండి... అన్నంలో ఏదో చేదుగా ఉందమ్మా అన్నాడట. ఆవిడ నవ్విందట... తిను నాయనా, తిను, అందట..."

కొత్త పెళ్ళికూతురు మొగుడి చెయ్యి పట్టుకుంది.

వెనక తలుపు కిర్రుమంది. తెల్లచీర, విరబోసిన జుట్టు, చేతిలో ఖాళీ గుండిగ. గరిటెతో దాని అడుగు గీకుతూ వచ్చింది దెయ్యం. వచ్చింది తాతాజీ. నాటకాల్లో ఆడవేషాలు వేసి, నాటకాలు లేకపోయాక ఇలా వేస్తున్న మనిషి. "ఆకలేస్తోందా... ఆకలేస్తోందా..." అని గుసగుసలాడుతూ వరస వెంట నడిచాడు.

హైమ లేచి నిలబడింది.

"ఆపండి," అంది. క్లాసులో గొడవ ఆపే గొంతు. "ఆవిడ పేరు శ్యామలాంబ. నాకు పెద్దమ్మ. ఈ వీధిలో ఆకలితో వచ్చినవాణ్ణి ఎవర్నీ ఉత్తినే పంపలేదు. ఆ కుర్రాడు కామెర్లతో పోయాడు. ఈ జీవరాజుగారికి అది తెలుసు. నాతో ఇందాకే అన్నారు. అన్నీ తెలిసి మీకు అబద్ధం అమ్ముతున్నారు."

ఉదయ్‌భాస్కర్ ఫోను ఆవిడ వైపు తిప్పాడు. కుర్రాళ్ళలో ఒకడు కిసుక్కున నవ్వాడు... ఇదీ ఆటలో భాగమే అనుకున్నాడు.

హైమకి అప్పుడు తెలిసింది — తను ఏం చెప్పినా వీళ్ళు చప్పట్లే కొడతారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయట కోపంతో.

జీవరాజు ఆట చెడిపోకుండా తెలివిగా లాంతరు ఊదేశాడు.

చీకటి.

మామూలుగా అయితే చీకట్లో తాతాజీ కెవ్వున అరుస్తాడు, తడిగుడ్డ ముద్దలు అందరి చేతుల మీదా పడేస్తాడు, తర్వాత ఎర్రలైటు వెలుగుతుంది. అరుపు రాలేదు. లైటు వెలగలేదు.

"తాతాజీ..." అన్నాడు జీవరాజు మెల్లగా. "లైటెయ్యి."

జవాబు లేదు.

హైమ తడుముకుంటూ కింద కూర్చుంది. ఏదో వాసన వచ్చింది. మొదట నమ్మలేదు. అప్పుడే వార్చిన అన్నం వాసన. గంజి ఆవిరి. దాని వెనకే కాగిన నెయ్యి.

తర్వాత చప్పుడు. గుండిగ అంచుకి గరిటె తట్టిన చప్పుడు... టక్. కాస్త ఆగి, మళ్ళీ... టక్. వరస మొదట్నుంచి ఒక్కొక్క ఆకు దగ్గరా ఆగుతూ వస్తోంది. ఉత్తకాళ్ళు గచ్చు మీద అంటుకుని లేస్తున్న అలికిడి. ఎవరో వంగినప్పుడు చీర చెంగు మొహానికి తగిలిందని శ్రీసుధ అంది. చెంగు తడిగా ఉందట, పోపు వాసన వేసిందట.

టక్... శ్రీసుధ ఆకు.

తర్వాత హైమ ఆకు. అడుగులు అక్కడ ఆగాయి.

ఆగి... వెనక్కి మళ్ళాయి.

చీకట్లో, చాలా దగ్గరగా, ఒక గొంతు విసుక్కుంది. "కలుపుకోండర్రా... చల్లారిపోతోంది."

పెళ్ళికూతురు కేక పెట్టింది. ఒకరి తర్వాత ఒకరు ఫోన్ల లైట్లు వేశారు.

హాల్లో తాతాజీ లేడు. ఎవరూ లేరు. ప్రతి ఆకులోనూ తెల్లటి అన్నం పొగలు కక్కుతోంది. పక్కన ముద్దపప్పు, ఎర్రటి ఆవకాయ, అన్నం మధ్యలో గుంట చేసి నెయ్యి.

ఒక్క హైమ ఆకు ఖాళీగా ఉంది. చల్లిన నీటిచుక్కలు అలాగే మెరుస్తున్నాయి.

ఎవరూ కదల్లేదు. అందరి చూపూ అన్నం మీదే. కాసేపటి కిందట విన్న కథ అందరి చెవుల్లోనూ ఉంది. ఏదో చేదుగా ఉందమ్మా అన్నాడట... తిను నాయనా, అందట...

"విషం," అంది పెళ్ళికూతురు, నోటికి చెంగు అడ్డం పెట్టుకుని. "ముట్టుకోకండి."

హైమకి అంతా అర్థమైంది. ఇప్పుడు వీళ్ళు తినకుండా లేచిపోతే ఇక అంతే. విషం పెట్టిన మనిషి అనే పేరు ఆ ఇంటి గోడలకి శాశ్వతంగా అంటుకుపోతుంది. రేపు ఆ వీడియో ఊరూరా తిరుగుతుంది. తనే మొదటి ముద్ద తిని చూపించేది. కానీ తన ఆకులో మెతుకు లేదు. ఇంకొకరి ఆకులో చెయ్యి పెట్టలేదు. పెద్దమ్మ పరువు కాపాడ్డానికి తన చేతిలో ఒక్క ముద్ద కూడా లేకుండా చేసింది ఆ పెద్దమ్మే.

అప్పుడు ఆవిడ చూపు జీవరాజు మీద పడింది. అతని మొహం ఆకు కన్నా పచ్చగా ఉంది.

"తినండి," అంది హైమ.

అతను తల అడ్డంగా ఊపాడు.

"ఎందుకు తినరు? విషం లేదని ఈ గదిలో గట్టిగా తెలిసినవాళ్ళు మనిద్దరమే. నా ఆకులో లేదు. మీ ఆకులో ఉంది."

"టీచరుగారూ... మీరేదో చేయించారు... ఇదంతా మీరే..."

"నేను చేయిస్తే నా ఆకు ఖాళీగా ఎందుకుంటుంది? తినండి."

జీవరాజు ఏదో నోట్లోనే గొణిగాడు.

"గట్టిగా చెప్పండి. మీ కథ చెప్పినంత గట్టిగా."

"విషం లేదండి." అన్నాడు జీవరాజు. "ఆవిడ... ఆవిడ ఎవర్నీ చంపలేదండి. ఆ కుర్రాడు జబ్బుచేసి పోయాడండి. నేనే అల్లానండి. జనం వస్తారని నేనే..."

ఉదయ్‌భాస్కర్ ఫోను అతని మొహం మీదే ఉంది.

"మరి తినండి."

జీవరాజు చెయ్యి అన్నంలో పెట్టాడు. వేలు కాలి ఉలిక్కిపడ్డాడు. పప్పూ నెయ్యీ కలిపి, ముద్ద చేసి, కళ్ళు మూసుకుని నోట్లో పెట్టుకున్నాడు. అందరూ అతని గొంతు వైపే చూస్తున్నారు. నమిలాడు. మింగాడు.

మరో ముద్ద పెట్టుకున్నాడు. ఈసారి ఆవకాయ నంజుకున్నాడు. తర్వాత ముద్దకీ ముద్దకీ మధ్య సందు లేకుండా తినడం మొదలెట్టాడు. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. ఆవకాయ ఘాటో, మరోటో.

కాలేజీ కుర్రాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుని చెయ్యి పెట్టారు. శ్రీసుధ పెట్టింది. చివరికి పెళ్ళికూతురూ పెట్టింది. తినే చప్పుడు తప్ప మరేం లేదు. బయట బజ్జీలబండి వాడి కేక ఎక్కడో ఊరవతల నుంచి వస్తున్నట్టుందట.

అప్పుడు చూశారు అందరూ.

జీవరాజు ఉన్నట్టుండి రెండు చేతులూ చాపి ఆకు మీద అడ్డం పెట్టాడు, ఇంక వద్దనేటప్పుడు మనం పెట్టినట్టు. తల పైకెత్తి, తన ఎదురుగా ఎవరూ లేనిచోటికి చూస్తూ, గుసగుసగా అన్నాడు — "చాలమ్మా... చాలు... చాలు..."

అతని వేళ్ళ సందుల్లోంచి వేడన్నం ఆకులోకి జారింది.

ఆ రాత్రి ఆ బోర్డు అతనే స్వయంగా నిచ్చెన వేసుకుని దించాడు. కొట్లో కుర్రాళ్ళకి చెప్పలేదు, పనివాళ్ళని పిలవలేదు. బొమ్మని ముక్కలు చేశాడు. అది తర్వాత సంగతి. వీడియో అబ్బాయి ఫోనులో చీకటి తప్ప ఏమీ పడలేదట. టక్, టక్ మనే చప్పుడు మాత్రం పడింది. దాని తర్వాత జీవరాజు ఒప్పుకున్న మాటలన్నీ స్పష్టంగా వినబడుతున్నాయి. ఆ ముక్క ఇప్పుడు రాజమండ్రిలో వినని చెవి లేదు.

"మరి ఆ తాతాజీ?" అన్నాను. రైలు నిడదవోలు దాటింది. పెట్టెలో జనం పెద్దగా లేరు.

శ్రీసుధ జవాబిచ్చింది. ఆ పిల్ల మా పక్కనే కూర్చుని ఉంది. మాటిమాటికీ కుడిచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంటోంది.

"తినేశాక నేను బయటికొచ్చానండి. బజ్జీలబండి దగ్గర ఉన్నాడు, విగ్గు చంకలో పెట్టుకుని. నువ్వేనా వడ్డించింది అంటే... 'నేను కాదమ్మా, మీతో వచ్చినావిడ అరవగానే గొడవవుతుందని అప్పుడే వచ్చేశాను, లోపల బియ్యపుగింజ కూడా లేదు' అన్నాడు. బజ్జీలవాడు కూడా అవునన్నాడండి."

తర్వాత అన్నాను — "పోన్లెండి హైమగారూ. మీ పెద్దమ్మగారి పేరు నిలబడింది. ఇంకా ఎందుకండీ అంత కోపం? ఆ జీవరాజు ఒప్పుకున్నాడు కదా."

"వాడి మీద కాదు," అంది హైమ. మొహం ఎర్రగా కందిపోయి ఉంది. "వాడంతే. అలాంటివాడు వీధికొకడుంటాడు. నా కోపం ఆవిడ మీద."

"ఎవరి మీద?"

"పెద్దమ్మ మీదేనండి. ఆవిడని విషం పెట్టే మనిషన్నాడు. నాలుక వేలాడదీసి బొమ్మ పెట్టాడు. వాడి పీక పిసికినా పాపం లేదు. ఆవిడేం చేసింది? నెయ్యి పోసింది. వద్దంటున్నా వినకుండా మళ్ళీ పెట్టింది. నేను ఆవిడ కోసం పరాయివాళ్ళ ముందు నిలబడి గొంతు చించుకుంటే, నన్ను దాటుకుని పోయింది."

అప్పటిదాకా నాకు తట్టని సంగతి అప్పుడు తట్టింది. "అవునండీ, అందరికీ పెట్టి మీకెందుకు పెట్టలేదు?"

హైమ నా వైపు చూసింది, ఎక్కాలు రాని పిల్లాణ్ణి చూసినట్టు.

"ఇంటిదాన్ని కదండీ. బయటివాళ్ళు తిని లేచేదాకా ఇంటివాళ్ళ ఆకులో ఒక్క మెతుకు పడనిచ్చేది కాదు ఆ మెస్సులో. నాకు పరీక్ష ఉన్నా అంతే, జ్వరమొచ్చినా అంతే. ఆఖరి మనిషి చెయ్యి కడుక్కున్నాకే నాకు."

ఆ హాల్లో ఎవరు వడ్డించారో నాకిక అనుమానం లేదు.

"మరి... వాళ్ళంతా లేచాక?"

శ్రీసుధ కూడా గబుక్కున హైమ వైపు తిరిగింది. ఆ పిల్ల బయట తాతాజీతో మాట్లాడుతోంది కదా, ఈ సంగతి తనకీ తెలియదు.

"అందరూ వెళ్ళిపోయారు," అంది హైమ కిటికీలోంచి చేల వైపు చూస్తూ. "లైట్లన్నీ వాళ్ళతోనే పోయాయి. నేను కూర్చున్నాను. ఎందుకు లేస్తాను? ఆకు వేశారు కదా."

"తర్వాత?"

"పెట్టింది."

ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కోపం మాత్రం తగ్గలేదు.

"మాడుచెక్క పెట్టిందండి. అందరికీ వేడివేడి అన్నం, నాకు గుండిగ అడుగు గీకి మాడుచెక్క. ఎప్పుడూ అంతే... పైగా మారు కావాలా అని కూడా అడిగింది."